పొగగొట్టపు కట్టెల పొయ్యి

పొగగొట్టపు కట్టెల పొయ్యి అనగా వంటచెరకు మండినపుడు వెలువడే పొగను గదిలోకి వదలక, గొట్టం ద్వారా ఇంటి కప్పు పైకి పంపే పొయ్యి. వాడుకలో దీనిని పొగలేని పొయ్యి అని కూడా అంటారు. నిజానికి ఈ పొయ్యిలో కూడా పొగ పుడుతుంది. అయితే అది వంట చేసేవారి ముఖం మీదికి రాకుండా బయటకు పోతుంది. రావులపాలెం, కొత్తపేట, ఆత్రేయపురం మొదలైన గోదావరి డెల్టా ప్రాంతాలలోని పాత పెంకుటిళ్ళలో కొన్నింటికి వంటింటి మీద ఇటుకతో కట్టిన పొగగూడు ఉంటుంది. అటువంటి ఇంట్లో కొత్తగా కట్టెల పొయ్యి అమర్చేటపుడు, పొగగూడు ఎలాగూ ఉన్నది కదా అని దాని కింద పొయ్యి పెట్టినంత మాత్రాన పొగ పోదు. పొయ్యి, గొట్టం, గదిలోకి వచ్చే గాలి - ఈ మూడింటికీ పొందిక కుదిరినపుడే పొగగూడు పనిచేస్తుంది.

రకాలు

తెలుగునాట కట్టెల పొయ్యిలు అనేక రకాలుగా ఉన్నాయి. మూడు రాళ్ళ పొయ్యి అన్నిటికంటె పాతది. మట్టితో మూడు వైపులా గోడ కట్టి, ముందు వైపు కట్టెలు తోయడానికి నోరు వదిలినది సాధారణ మట్టి పొయ్యి. పెళ్ళిళ్ళకు, సంతర్పణలకు నేలలో పొడవుగా తవ్వేది గాడిపొయ్యి. బొగ్గులతో వాడేది కుంపటి. పాలు నిదానంగా కాగడానికి పిడకలతో వేసేది దాలి. ధాన్యపు ఊకను, రంపపు పొట్టును దట్టించి మండించే పొయ్యిలు కూడా కలవు. వీటిలో వేటికీ సహజంగా పొగగొట్టం ఉండదు.

పొగగొట్టంతో కూడిన అమరికలు ముఖ్యంగా రెండు విధాలు.

మొదటిది పొగకప్పు. తెరిచి ఉన్న మామూలు పొయ్యికి పైన గొడుగు వంటి కప్పును దించి, దానిని పొగగూడుతో కలుపుతారు. ఇందులో పొగతో పాటు గదిలోని గాలి కూడా పెద్ద ఎత్తున పైకి పోతుంది.

రెండవది మూసిన పొయ్యి. దీనిలో పాత్ర పొయ్యి గుంతను పూర్తిగా మూస్తుంది. వేడి గాలి ఒక పాత్ర కింద నుండి సొరంగం ద్వారా రెండవ పాత్ర కిందికి, అక్కడి నుండి గొట్టంలోకి పోతుంది. దీనికి సన్నని గొట్టం చాలును.

చరిత్ర

పొగగొట్టపు పొయ్యి చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం కలదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి.రాజు, మట్టితో కట్టుకొనదగిన, ఒకేసారి ఒకటికి మించిన పాత్రలతో వంట చేయదగిన, పొగగొట్టం గల పొయ్యిని రూపొందించాడు. ఆ పరిశోధనాలయం పేరులోని ఆంగ్ల పొడి అక్షరాలను కలిపి దీనిని హెర్ల్ చుల్హా అన్నారు. ఈ పొయ్యిని వివరిస్తూ ఆయన రచించిన "స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్" అనే చిన్న పుస్తకం 1953లో వెలువడింది. ఇంచుమించు అదే కాలంలో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చుల్హా రూపుదిద్దుకొన్నది. తరువాత దేశంలో వచ్చిన అనేక మెరుగైన పొయ్యిలకు ఇవి మార్గదర్శకాలు.

1980వ దశకం మొదట్లో భారత ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2002లో కేంద్రం దీనిని విరమించేనాటికి దేశవ్యాప్తంగా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంపిణీ అయ్యాయి. అయితే వీటిలో చాలా వాటిని కొంతకాలం తరువాత జనం వాడడం మానేశారు. గొట్టాలు మసితో పూడుకొని పోవడం, మట్టి పగుళ్ళు ఇవ్వడం, బాగుచేసేవారు దగ్గరలో లేకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

ఒడిషా గ్రామాలలో రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్నే నిర్ధారించింది. పొగగొట్టపు మట్టి పొయ్యిలు ఇచ్చిన మొదటి సంవత్సరంలో వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. పొయ్యిలను సరిగా వాడకపోవడం, మరమ్మతు చేసుకోకపోవడం వల్ల ఆ తరువాతి సంవత్సరాలలో ఈ మేలు కనిపించలేదు.

గోదావరి డెల్టాలో

రావులపాలెం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, గౌతమి ఒడ్డున, 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. అంతకు ముందు ఇది తూర్పు గోదావరి జిల్లాలో భాగం. కోనసీమకు ముఖద్వారంగా, అరటి మార్కెట్టుకు ప్రసిద్ధిగా పేరొందిన ఈ ఊరి చుట్టూ కొబ్బరి తోటలు విస్తారంగా ఉన్నాయి. కనుక ఇక్కడ వంటచెరకు అంటే ప్రధానంగా కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలే. వీటికి తోడు తాటి మట్టలు, సరుగుడు, తుమ్మ, పిడకలు వాడతారు.

డెల్టాలోని పాత ఇళ్ళలో మండువా లోగిలి ముఖ్యమైనది. నడుమ ఆకాశం కనబడేలా వదిలిన మండువా వల్ల ఇంట్లో గాలి ఆడుతుంది. వంటిల్లు సాధారణంగా ఆగ్నేయ మూలన ఉంటుంది. పెంకుల సందుల నుండి కొంత పొగ దానంతట అదే పోయేది. పెంకులు తీసి సిమెంటు శ్లాబు వేసినపుడు ఆ సందులు మూసుకుపోతాయి. పొగగూడు ఒక్కటే దారిగా మిగులుతుంది. ఒక్కొక్కసారి శ్లాబు వేసేటపుడు దానిని కూడా పైన మూసివేసి, కింద మాత్రం అలాగే వదిలివేస్తారు. అటువంటి ఇంట్లో కట్టెల పొయ్యి వెలిగించడం పాత పెంకుటింట్లో కంటె ప్రమాదకరం.

ఆత్రేయపురంలో పూతరేకుల తయారీకి కూడా కట్టెల పొయ్యే ఆధారం. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, వేడెక్కిన కుండపై పల్చని పిండిలో తడిపిన గుడ్డను పరచి రేకు తీస్తారు. మంట కోసం ఎండు కొబ్బరాకులు వాడతారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి రేకులను తీసే మహిళలు గంటల తరబడి మంట ముందు కూర్చోవలసి ఉంటుంది. అందువలన పొగను బయటకు పంపే ఏర్పాటు ఇంటి వంటకే గాక ఇక్కడి జీవనోపాధికి కూడా సంబంధించిన విషయం.

పనిచేసే విధానం

వేడి గాలి చల్లని గాలి కంటె తేలిక. గొట్టంలోని వేడి గాలి పైకి లేచినపుడు ఆ చోటును పూరించడానికి పొయ్యి నోటి నుండి గాలి లోపలికి వస్తుంది. ఇదే గొట్టపు లాగుడు. ఇది రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది: గొట్టం ఎత్తు, లోపలి గాలికీ బయటి గాలికీ గల వేడిమి తేడా.

బయట 30 డిగ్రీల సెల్సియస్, గొట్టంలో సగటున 150 డిగ్రీలు ఉన్నపుడు 3 మీటర్ల గొట్టంలో లాగుడు సుమారు 10 పాస్కల్స్ ఉంటుంది. ఇది ఒక మిల్లీమీటరు నీటి మట్టం కలిగించే ఒత్తిడికి సమానం. బయట సున్నా డిగ్రీలు ఉండే శీతల దేశంలో అదే గొట్టంలో 13 పాస్కల్స్‌కు పైగా లాగుడు ఉంటుంది. అనగా డెల్టా వంటి ఉష్ణ ప్రాంతంలో పొగగొట్టానికి సహజంగానే బలం తక్కువ. ఇంత స్వల్పమైన ఒత్తిడిని ఒక పగులు గాని, ఒక పిట్టగూడు గాని, ఎదురుగాలి గాని సులభంగా వమ్ము చేయగలవు.

గొట్టం వెడల్పు కూడా ముఖ్యమైనదే. మూసిన మట్టి పొయ్యికి సాధారణంగా 10 సెం.మీ. వ్యాసం గల గొట్టం వాడతారు. దాని లోపలి వైశాల్యం సుమారు 78 చదరపు సెం.మీ. పాత ఇటుక పొగగూడు లోపల 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉంటే దాని వైశాల్యం 900 చదరపు సెం.మీ. అనగా 11 రెట్లకు పైన. చిన్న పొయ్యి పొగ అంత పెద్ద గూడులోకి చేరినపుడు దాని వేగం అదే నిష్పత్తిలో తగ్గిపోతుంది. పొగ గోడలకు తగిలి చల్లబడి, లాగుడు కోల్పోయి, జిగట మసిగా పేరుకుంటుంది. పాత పొగగూడు పెద్దదిగా ఉండడం మూసిన పొయ్యికి లాభం కాదు, లోపమే.

పాత పొగగూడును పరీక్షించడం

పొయ్యి కట్టడానికి ముందే పొగగూడును పరీక్షించాలి.

* కింద నుండి అద్దం పెట్టి చూసినపుడు పైన ఆకాశం కనబడాలి. కనబడకపోతే గూడు వంపు తిరిగి ఉండవచ్చు, లేదా పూడుకొని ఉండవచ్చు. పిట్టగూళ్ళు, కందిరీగల పట్టులు, రాలిన ఇటుక ముక్కలు తరచుగా అడ్డుపడతాయి.
* లోపలి మసిని పూర్తిగా దులిపించాలి. జిగటగా గట్టిపడిన మసికి నిప్పంటుకుంటే గూడు లోపలే మంట లేస్తుంది.
* పగుళ్ళ కోసం పొగ పరీక్ష చేయాలి. గూడు అడుగున తడి గడ్డిని కొద్దిగా రాజేసి, పైకి పొగ వచ్చిన తరువాత పై మూతిని తడి గోనెసంచితో క్షణకాలం మూస్తారు. అటక మీద, పక్క గదిలో, గోడ వెలుపల పొగ ఎక్కడ కనబడితే అక్కడ పగులు ఉన్నట్లు. పరీక్ష సమయంలో తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలి. పరీక్ష ముగిసిన వెంటనే సంచిని తీసివేయాలి.
* గూడును ఆనుకొని దూలాలు, వాసాలు ఉన్నాయేమో చూడాలి. పాత ఇళ్ళలో వాసం కొనను గూడు గోడలోకి చొప్పించి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి వేడి తగిలిన కొయ్య బాగా ఎండి, తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది.
* పాత సిమెంటు రేకు గొట్టం ఉంటే అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం కలదు. దాని ధూళి క్యాన్సరు కారకం. కనుక దానిని పొడిగా కోయడం, పగులగొట్టడం చేయరాదు.

పొగగూడు ఎత్తు

పొగగూడు మూతి కప్పును దాటే చోటు నుండి కనీసం 90 సెం.మీ. ఎత్తు ఉండాలనీ, 3 మీటర్ల దూరంలోపు ఉన్న కప్పు భాగాలన్నిటికంటె కనీసం 60 సెం.మీ. ఎత్తు ఉండాలనీ అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు చెబుతాయి. ఈ సూత్రం ఎక్కడైనా ఉపయోగపడుతుంది. మూతి ఇంటి నడికొప్పు కంటె కిందికి ఉంటే, కొప్పును దాటి వచ్చిన గాలి కిందికి దొర్లి పొగను తిరిగి వంటింట్లోకి నెడుతుంది. వంటిల్లు ఆగ్నేయాన ఉన్న ఇంట్లో నైరుతి, పడమటి గాలులు వీచేటపుడు ఈ ఇబ్బంది ఎక్కువ.

పక్కన మేడ లేచినా, అదే ఇంటిపై మరొక అంతస్తు వేసినా, అంతకు ముందు చక్కగా లాగిన పొగగూడు లాగకపోవచ్చు. అప్పుడు దానిని పెంచాలి. గోదావరి డెల్టా తుఫానుల ప్రాంతం. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో తోటలను, ఇళ్ళను నేలమట్టం చేసింది. కనుక పెంచిన గొట్టాన్ని ఇనుప తీగలతో గాని, బద్దీలతో గాని గోడకు గట్టిగా బిగించాలి. వాన పడకుండా మూతిపై రేకు టోపీ పెట్టి, పొగ పోవడానికి చుట్టూ తగినంత ఖాళీ వదలాలి.

పొయ్యి అమరిక

తెరిచిన పొయ్యిని వాడదలచినపుడు పెద్ద పొగగూడుకు పొగకప్పే తగినది. పొగకప్పు అంచులు పొయ్యి కంటె అన్ని వైపులా వెడల్పుగా ఉండాలి. వంట చేసేవారి తలకు తగలనంత ఎత్తులో, వీలైనంత కిందికి దించాలి. ఎత్తు పెరిగిన కొద్దీ పొగ పక్కలకు జారిపోతుంది.

మూసిన పొయ్యిని వాడదలచినపుడు పొగగూడు లోపలి నుండే పై మూతి వరకు 10 సెం.మీ. వ్యాసం గల లోహపు గొట్టాన్ని దించాలి. గొట్టానికీ గూడుకూ మధ్య ఖాళీని అడుగున రేకుతో, మట్టితో మూయాలి. పాత గూడు అప్పుడు కొత్త గొట్టానికి రక్షణ కవచంగా ఉపయోగపడుతుంది. గొట్టం వేడిగా ఉండి లాగుడు నిలుస్తుంది. మలుపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మలుపు తప్పనిసరి అయితే దాని వద్ద మసి తీయడానికి మూత గల రంధ్రం ఉంచాలి.

మట్టి పొయ్యి కట్టడానికి ఒండ్రుమట్టి మాత్రమే వాడితే ఎండినపుడు పగుళ్ళు ఇస్తుంది. అందులో ఇసుక, ఊక, పేడ కలిపి తొక్కి, నానబెట్టి వాడతారు. కట్టిన తరువాత వారం పది రోజులు నీడన ఆరనివ్వాలి. మొదట చిన్న మంటతో వేడెక్కించి, ఆ తరువాతే వంట మొదలుపెట్టాలి. పాత్రకూ గుంత అంచుకూ మధ్య సందు ఉండరాదు. ఏదైనా పొయ్యి గుంతపై పాత్ర లేనపుడు దానిని మూతతో మూయాలి. లేకపోతే గొట్టం అక్కడి నుండి చల్లని గాలిని లాగి లాగుడును కోల్పోతుంది.

తాటాకు కప్పు గల ఇంట్లో ఇనుప గొట్టాన్ని కప్పు గుండా నేరుగా పంపరాదు. అంటుకునే వస్తువులకూ ఒంటిపొర ఇనుప గొట్టానికీ మధ్య కనీసం 45 సెం.మీ. దూరం ఉండాలి. గొట్టాన్ని గోడ గుండా బయటకు పంపి, చూరుకు దూరంగా పైకి తీసుకొని పోవడం మేలు.

వరద ముంపు గల లంక గ్రామాలలో పొయ్యిని ఎత్తైన గట్టుపై కట్టడం మంచిది. 1986 ఆగస్టు, 2022 జూలై నెలల గోదావరి వరదలలో అనేక లంకలు నీట మునిగాయి. నీట మునిగిన పొయ్యిని పూర్తిగా ఆరకముందే మండిస్తే లోపలి తేమ ఆవిరై పొయ్యి చిట్లుతుంది.

గాలి రాక

పొగ పైకి పోవాలంటే అంతే గాలి గదిలోకి రావాలి. తలుపులు, కిటికీలు అన్నీ బిగించిన గదిలో ఎంత మంచి పొగగూడైనా లాగదు. అదే గదిలో గాలిని బయటకు నెట్టే ఎలక్ట్రిక్ ఫ్యాను తిరుగుతుంటే అది పొగగూడు నుండే గాలిని కిందికి లాగవచ్చు. కట్టెల పొయ్యి మండుతున్నంతసేపు ఆ ఫ్యానును ఆపి, పొయ్యి నోటికి ఎదురుగా లేని కిటికీని తెరిచి ఉంచాలి.

వంటచెరకు

పచ్చి కట్టెలో సగం వరకు నీరే ఉండవచ్చు. ఆ నీరు ఆవిరయ్యేవరకు మంట వేడెక్కదు, పొగ తగ్గదు. తేమ 20 శాతం లోపు ఉన్న కట్టె బాగా మండుతుంది. వర్షాకాలానికి ముందే కట్టెలను చీల్చి, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రం కప్పి ఉంచాలి.

సరుగుడు కట్టె బరువైనది, నిలకడగా మండుతుంది. కొబ్బరి మట్టలు, ఆకులు త్వరగా అంటుకొని త్వరగా ఆరిపోతాయి. పొయ్యి రాజేయడానికి, గొట్టాన్ని తొలుత వేడెక్కించడానికి బాగుంటాయి. కొబ్బరి చిప్పలు పెద్ద వేడినిస్తాయి. డొక్కలు నిదానంగా రగులుతూ ఎక్కువ పొగనిస్తాయి; తడి డొక్కలు అసలు పనికిరావు. ప్లాస్టిక్కు సంచులు, రంగు వేసిన చెక్కలు మండించరాదు. వాటి పొగ విషపూరితం.

నిర్వహణ

* రోజూ బూడిద తీయాలి. బూడిద కింద నిప్పు ఒక రోజుకు పైగా దాగి ఉండవచ్చు. కనుక దానిని ఇనుప పాత్రలోకి ఎత్తాలి.
* గొట్టంలో మసిని తరచుగా తీయాలి. రోజూ వాడే 10 సెం.మీ. గొట్టాన్ని నెలకొకసారైనా చూడడం మంచిది.
* పొయ్యి రాజేయడానికి ముందు ఎండు కొబ్బరాకును గానీ కాగితాన్ని గానీ గొట్టం అడుగున మండించి గొట్టాన్ని వేడెక్కించాలి.
* మట్టి పగుళ్ళను కనబడిన రోజే మెత్తాలి.
* వంటింటి గోడపై కొత్తగా మసి కనబడితే గొట్టం పూడుకొన్నట్లు భావించాలి.

ఆరోగ్యం

కట్టెల పొగలోని సూక్ష్మ కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులకు, గుండె జబ్బులకు, పక్షవాతానికి, పిల్లలలో న్యుమోనియాకు కారణమవుతాయి. 2020లో ఇంటి లోపలి వాయు కాలుష్యం వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారనీ, వారిలో 2,37,000 మందికి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వంట చేసే స్త్రీలు, వారి చంకన, పక్కన ఉండే పసిపిల్లలు ఎక్కువ పొగను పీలుస్తారు.

కార్బన్ మోనాక్సైడు మరొక అపాయం. దీనికి రంగు, వాసన లేవు. ఇది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. మంట ఆరి నిప్పులు మాత్రమే మిగిలినపుడు పొగ కనబడదు గాని ఈ వాయువు వెలువడుతూనే ఉంటుంది. కళ్ళు మండడం లేదు కనుక ప్రమాదం లేదని భావించి, నిప్పులున్న మూసిన గదిలో నిద్రించడం ప్రాణాంతకం. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదటి లక్షణాలు. ఇవి కనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చి, వైద్య సహాయం పొందాలి.

శీతల దేశాలలో

ఐరోపా, అమెరికాలలో కట్టెల పొయ్యి ప్రధానంగా గదిని వెచ్చబరచడానికి ఉపయోగపడుతుంది. పాత ఇటుక పొగగూడు ఉన్న ఇంట్లో మూసిన ఇనుప పొయ్యిని అమర్చేటపుడు, పొయ్యి మూతికి సరిపడే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని పొగగూడులో పైదాకా దించుతారు. దీనికి కారణం పైన చెప్పినదే: పెద్ద గూడులో పొగ చల్లబడి మసి పేరుకుంటుంది. ఇంగ్లాండులో 2010 నుండి ఇటువంటి పొయ్యిని కొత్తగా అమర్చిన గదిలో కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక పరికరం తప్పనిసరి.

ప్రస్తుత స్థితి

ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం, దేశంలో 2016 మే 1న ప్రారంభమైన ప్రధానమంత్రి ఉజ్వల యోజనల వల్ల వంటగ్యాసు పల్లెలకు విస్తరించింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇచ్చే దీపం-2 పథకాన్ని ప్రారంభించింది. అయినప్పటికీ గ్యాసుతో పాటు కట్టెల పొయ్యిని కూడా ఉంచుకొనే ఇళ్ళు ఉన్నాయి. స్నానానికి నీళ్ళు కాచడానికి, పశువులకు ఉలవలు ఉడికించడానికి, పండుగలకు పిండివంటలు చేయడానికి దీనిని వాడతారు. తోటలో ఉచితంగా దొరికే కొబ్బరి మట్టలు ఇందుకు ముఖ్య కారణం.

ఆరోగ్యం దృష్ట్యా రోజువారీ వంటకు గ్యాసు లేదా విద్యుత్తు మేలైనది. పొగగొట్టం పొగను వంటింటి నుండి తొలగిస్తుందే గాని మాయం చేయదు. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న వీధిలో అది పొరుగింటి కిటికీకి చేరవచ్చు. అప్పుడప్పుడు వాడే కట్టెల పొయ్యికి ఆరుబయట చావడి తగిన చోటు. ఇంటి లోపలే వాడవలసి వచ్చినపుడు మాత్రం పాత పొగగూడును శుభ్రం చేసి, పరీక్షించి, పొయ్యికి తగినట్లు మార్చుకున్న తరువాతే నిప్పు రాజేయాలి.